అమ్మను రూములో వదిలి వెళ్ళొద్దు: డిస్నీ వరల్డ్‌లో వీల్‌ఛెయిర్‌తో ప్రయాణం

పిల్లలకు సెలవులు ఇచ్చేసరికి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటారు. అందరం కలిసి ఓర్లాండో వెళదాం అనుకుంటాం. టికెట్లు, హోటలు, ఏ రోజు ఏ పార్కు, అన్నీ లెక్కలు వేసుకుంటాం. తీరా అంతా ఖాయమయ్యాక అమ్మ నెమ్మదిగా ఒక మాట అంటుంది: "మీరు పిల్లల్ని తీసుకుని వెళ్ళి రండమ్మా. నేనక్కడ ఏం నడుస్తాను? రూములో పడుకుని టీవీ చూసుకుంటా." అత్తగారైతే ఆ మాట కూడా అనరు. కోడలి ప్లాను పాడుచేయడం ఎందుకని మోకాళ్ళ నొప్పి ఓర్చుకుంటూ రెండు గంటలు నడుస్తారు. మూడో గంటకు ఏదో బెంచీ మీద కూలబడి, "మీరు తిరిగి రండి, నేనిక్కడే ఉంటా" అంటారు.

ఇద్దరికీ విరుగుడు ఒకటే: వీల్‌ఛెయిర్. ఇందులో కొత్తేముంది, పార్కు గేటు దగ్గర అద్దెకిస్తారుగా అనుకుంటాం. కానీ పార్కు లోపల కష్టం తక్కువే. దారులు చాలావరకు చదునుగా ఉంటాయి, కూర్చోవడానికి చోట్లుంటాయి. పెద్దవాళ్ళ ఓపిక తినేసేది హోటలు నుంచి పార్కు దాకా, మళ్ళీ రాత్రి పార్కు నుంచి హోటలు దాకా జరిగే ప్రయాణం. అందుకే ఏ రైడ్లు ఎక్కాలో ఆలోచించే ముందు ఏ బస్సు, ఏ పడవ, ఏ రైలు ఎక్కబోతున్నామో ఆలోచించాలి. అది సరిగ్గా కుదిరితే అమ్మ మనతోనే ఉంటుంది.

ముందు ఆ ఊరి సైజు తెలియాలి

వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న మొదలైంది. పార్కు అంటాం గానీ అదొక ఊరంత స్థలం, దాదాపు 40 చదరపు మైళ్ళు. అందులో నాలుగు పెద్ద పార్కులు: మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. వీటికి తోడు నీళ్ళ పార్కులు, రెండు డజన్లకు పైగా హోటళ్ళు, డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపింగ్ ప్రాంతం. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకు నడిచి పోదాం అంటే చాలాచోట్ల కుదరదు. వీటన్నిటినీ కలిపేవి బస్సులు, మోనోరైలు, పడవలు, 2019 సెప్టెంబరులో మొదలైన స్కైలైనర్ అనే రోప్‌వే. ఇవన్నీ ఉచితం, ఎక్కడానికి పార్కు టికెట్ కూడా అక్కర్లేదు.

ఇందులో అందరినీ తికమకపెట్టేది మ్యాజిక్ కింగ్‌డమ్. కారులో వెళితే పార్కు గేటు దగ్గర ఆగలేం. పార్కింగ్ ఒక చెరువుకు ఇవతల ఉంటుంది, పార్కు అవతల. ఇవతలి ఒడ్డున ఉన్న ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర దిగి, అక్కడి నుంచి మోనోరైలో, పెద్ద పడవో ఎక్కి అవతలికి చేరాలి. అంటే పార్కింగ్, సెక్యూరిటీ, రైలు లేదా పడవ, అప్పుడు గేటు. డిస్నీ హోటళ్ళ నుంచి వచ్చే బస్సులు మాత్రం నేరుగా మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గరే దింపుతాయి. కారుంటే సుఖం అనుకునే మనకు ఇది వింతగా ఉంటుంది గానీ, డిస్నీ హోటల్లో దిగినవాళ్ళు ఆ ఒక్క పార్కుకు కారు వదిలి బస్సెక్కితేనే అమ్మకు హాయి.

మిగతా మూడు పార్కులకు పార్కింగ్ గేటు ముందే ఉంటుంది. డిసేబుల్డ్ పార్కింగ్ ప్లకార్డు ఉన్నవాళ్ళకు దగ్గరి చోటు దొరుకుతుంది. వేరే రాష్ట్రంలో తీసుకున్న ప్లకార్డు ఫ్లోరిడాలోనూ చెల్లుతుంది. కొన్ని నెలల కోసం తాత్కాలికంగా ఇచ్చేవి కూడా ఉంటాయి, డాక్టరు సంతకం కావాలి. అమ్మ మోకాళ్ళకు ఇక్కడ ఎలాగూ డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంటే ఈ సంగతి ఆ రోజే అడిగేయండి. పార్కింగ్‌లో తిరిగే ట్రామ్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. వాటిలోకి కుర్చీని మడిచి ఎక్కించాలి, మనిషి లేచి సీటులో కూర్చోవాలి.

బస్సు ఎక్కడం ఎలా ఉంటుంది

డిస్నీ బస్సులన్నిట్లోకీ వీల్‌ఛెయిర్ ఎక్కుతుంది. స్టాపులో వీల్‌ఛెయిర్ల కోసం విడిగా ఒక చోటు గుర్తుపెట్టి ఉంటుంది, అక్కడ నిలబడాలి. బస్సు రాగానే డ్రైవరు ముందు దిగేవాళ్ళను దించి, ర్యాంప్ వేసి, మిగతా లైను కంటే ముందు మనల్ని ఎక్కిస్తారు. కుర్చీని దాని చోట నిలిపాక బెల్టులతో నాలుగు వైపులా నేలకు బిగిస్తారు. దిగేటప్పుడు ఆయనే వచ్చి విప్పుతారు. మనం కంగారుపడి మధ్యలో విప్పకూడదు.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఒక బస్సులో మామూలుగా రెండు వీల్‌ఛెయిర్లకే చోటు, కొన్నిట్లో మూడు. కుర్చీ వెడల్పు 32 అంగుళాలు, పొడవు 48 అంగుళాలు దాటకూడదు. మామూలు కుర్చీలన్నీ ఇందులోకే వస్తాయి, కొన్ని పెద్ద స్కూటర్లు రావు. రెండు చోట్లూ నిండిపోతే తర్వాతి బస్సుకు ఆగాలి. పొద్దున పూట ఇది పెద్ద ఇబ్బంది కాదు. రాత్రి బాణసంచా అయిపోగానే మాత్రం అందరూ ఒకేసారి బయటికొస్తారు, మన ముందు నాలుగైదు కుర్చీలుంటే రెండు మూడు బస్సులు వెళ్ళిపోయేదాకా ఆగాలి. అందుకే పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు బాణసంచా అయిపోవడానికి పది నిమిషాల ముందే కదలండి. అమ్మ చివరిదాకా చూడాలంటే, అయ్యాక ఇంకో అరగంట లోపలే కూర్చుని జనం పలచబడ్డాక రండి. ఆ రెంటికీ మధ్యలో వస్తేనే కష్టం.

ఇంకో సంగతి. కుర్చీతో పాటు ముందుగా ఎక్కనిచ్చేది కుటుంబంలో కొద్దిమందినే. రెండు కుటుంబాలు కలిసి పదిమంది వెళితే అందరూ అమ్మ వెనకాల ఎక్కేద్దామంటే కుదరదు. అమ్మతో ఎవరు ఎక్కుతారు, లైనులో ఎవరు వస్తారు అన్నది బస్సు వచ్చాక కాదు, స్టాపులో నిలబడ్డప్పుడే తేల్చుకోండి. స్ట్రోలర్ కూడా ఉంటే దాన్ని ముందే మడిచి పెట్టుకోండి. చంకలో పాప, చేతిలో స్ట్రోలర్, ముందు అత్తగారి కుర్చీ, ఈ మూడూ ఒకే మనిషి మీద పడితే ఆ రోజు అక్కడికే అయిపోతుంది.

కుర్చీ అక్కర్లేదు గానీ మెట్టు ఎక్కలేరు అనేవాళ్ళు కూడా మన ఇళ్ళలో ఎక్కువే. అలాంటప్పుడు బస్సును కిందికి దించమని, లేదంటే ర్యాంప్ వేయమని డ్రైవరుని అడగొచ్చు. అడగడానికి కుర్చీలోనే ఉండాలని లేదు.

మోనోరైలు, పడవలు, స్కైలైనర్

మోనోరైలు స్టేషన్లు ఎత్తులో ఉంటాయి. కొన్నిచోట్ల లిఫ్టు, కొన్నిచోట్ల పొడవాటి వాలు దారి. టికెట్ సెంటర్ దగ్గరి వాలు మరీ నిటారుగా ఉంటుంది, బరువైన కుర్చీని తోస్తూ ఎక్కితే ఆయాసం వస్తుంది. పైకి చేరాక పనంతా స్టాఫ్ చూసుకుంటారు. ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య ఒక చిన్న పలక వేసి కుర్చీని లోపలికి పంపిస్తారు. "ఎక్కడ దిగుతారు?" అని అడిగితే సరిగ్గా చెప్పండి. అవతలి స్టేషన్లో పలక పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండడానికే ఆ ప్రశ్న. మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి ఎప్కాట్‌కు మోనోరైలులో వెళ్ళాలంటే టికెట్ సెంటర్ దగ్గర మారాలి. అంటే వాలు దిగి మళ్ళీ ఎక్కడం. అమ్మకు ఏమీ కాదు, తోసేవాళ్ళకే పని.

టికెట్ సెంటర్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్ళే పెద్ద పడవ మన గోదావరి మీది పంటులాంటిది. కింది అంతస్తులోకి కుర్చీని నేరుగా తోసుకుంటూ వెళ్ళిపోవచ్చు. వాలు తక్కువ, గాలి ఎక్కువ, ఎదురుగా కోట కనిపిస్తుంది. మోనోరైలుకు లైను పొడుగ్గా ఉన్న రోజు పెద్దవాళ్ళకు ఇదే మేలు. ఎక్కగానే కుర్చీ బ్రేకులు వేయడం మరవకండి. ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్ మధ్య తిరిగే పడవల్లోకి కూడా కుర్చీ ఎక్కుతుంది. కొన్ని హోటళ్ళ దగ్గర తిరిగే చిన్న లాంచీల సంగతి వేరు. నీటి మట్టం ఎక్కువ తక్కువైతే ర్యాంప్ వాలు మారిపోతుంది, కొన్నిట్లోకి బ్యాటరీ స్కూటర్లను ఎక్కనివ్వరు. చిన్న లాంచీ మీదే ఆధారపడి ప్లాను వేసుకోకండి.

విశాఖపట్నం కైలాసగిరి రోప్‌వే ఎక్కినవాళ్ళకు స్కైలైనర్ ఏమిటో చెప్పక్కర్లేదు. కేబిన్ ఆగకుండా మెల్లగా కదులుతూనే ఉంటుంది, జనం అలాగే ఎక్కుతారు. "కదిలేదాంట్లోకి నేనెక్కలేను బాబూ" అని అమ్మ వెనక్కి తగ్గుతుంది. తగ్గనక్కర్లేదు. చాలా స్టేషన్లలో కుర్చీలో ఉన్నవాళ్ళ కోసం పక్కన వేరే దారి ఉంటుంది. అక్కడ కేబిన్‌ను ప్రధాన తీగ నుంచి పక్కకు తప్పించి పూర్తిగా ఆపుతారు. కుర్చీ లోపలికి వెళ్ళి, మనం సర్దుకుని కూర్చున్నాక మళ్ళీ తీగ మీదికి పంపుతారు. కేబిన్లలో ఏసీ ఉండదు, గాలి కోసం కిటికీలు మాత్రం ఉంటాయి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు మామూలే, పిడుగుల భయం ఉన్నప్పుడు స్కైలైనర్‌ను ఆపేస్తారు. మబ్బు పట్టిందంటే బస్సు స్టాపు ఎటుందో చూసుకోండి. యానిమల్ కింగ్‌డమ్‌కు మోనోరైలూ లేదు, పడవా లేదు, స్కైలైనరూ లేదు. బస్సు లేదా కారే.

ఏ కుర్చీ తీసుకోవాలి

ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒక చిన్న నియమం దగ్గర. పార్కులో అద్దెకిచ్చే వీల్‌ఛెయిర్ గానీ స్కూటర్ గానీ ఆ పార్కు దాటి బయటికి రాకూడదు. అదే రోజు ఇంకో పార్కుకు వెళితే రసీదు చూపించి అక్కడ మళ్ళీ డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. కానీ మధ్యలో బస్సుకు, బస్టాపుకు, హోటల్లో భోజనాల హాలుకు అమ్మ నడవాల్సిందే. కాబట్టి ముందు అడగాల్సింది ఇది: బస్టాపు నుంచి గేటు దాకా అమ్మ చేతికర్రతో నడవగలదా? నడవగలిగితే పార్కులో అద్దెకు తీసుకోండి, బస్సులో కుర్చీ గొడవే ఉండదు. నడవలేకపోతే ప్రయాణమంతా మనతో ఉండే కుర్చీ కావాలి.

అలాంటి కుర్చీకి దారులున్నాయి. ఇంట్లో మడతపెట్టే ట్రాన్స్‌పోర్ట్ కుర్చీ ఉంటే అదే విమానంలో పట్టుకెళ్ళొచ్చు. వీల్‌ఛెయిర్‌కు విమానం వాళ్ళు లగేజీ ఛార్జీ తీసుకోరు, విమానం తలుపు దాకా వాడుకుని అక్కడ అప్పగించవచ్చు. ఆ రకం కుర్చీ తేలిక, కారు డిక్కీలో పడుతుంది. చక్రాలు చిన్నవి గనక ఎవరో ఒకరు తోయాల్సిందే, అమ్మ తనంతట తాను తిప్పుకోలేదు. రెండో దారి ఓర్లాండోలో బయటి కంపెనీల దగ్గర వారానికి అద్దెకు తీసుకోవడం. కుర్చీ తీసుకునేటప్పుడు మనం అక్కడ ఉండాలా, హోటలు వాళ్ళకు అప్పగిస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే అడగండి. డిస్నీ హోటళ్ళలో కూడా కొన్ని కుర్చీలుంటాయి గానీ సంఖ్య తక్కువ, దొరుకుతాయన్న హామీ లేదు.

ఇక బ్యాటరీ స్కూటర్. నాన్నగారికి బండి నడిపిన అలవాటుంటే సరదాగా నడుపుకుంటారు, తోసే బాధ మనకు తప్పుతుంది. నడిపేవాళ్ళకు 18 ఏళ్ళు నిండాలి. కానీ బస్సు దగ్గర స్కూటర్‌తోనే ఎక్కువ కష్టం. ఇరుకైన చోట ముందుకూ వెనక్కూ తిప్పి దాన్ని గీత మధ్యలో నిలపాలి, బస్సు నిండా జనం చూస్తుంటారు, డ్రైవరు మనకు బదులు నడపరు. జన్మలో బండి నడపని అమ్మకు మొదటి రోజే ఈ పరీక్ష పెట్టకూడదు. హోటలు ఆవరణలో ఒక సాయంత్రం సాధన చేయించండి. స్కూటర్ మీద ఉన్నవాళ్ళు నాలుగడుగులు వేయగలిగితే, దాన్ని నిలిపాక దిగి బస్సు సీటులో కూర్చోవడం భద్రం. రాత్రి రూములో ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతే మర్నాడు అది కదలదు. పిల్లల్ని ఒడిలో కూర్చోబెట్టుకుని తిప్పడం ముచ్చటగానే ఉంటుంది, కానీ వద్దు.

హోటలు ఎంచుకునేటప్పుడు

మనం ధర చూస్తాం, స్విమ్మింగ్ పూల్ చూస్తాం. ఇంకో రెండు విషయాలు కూడా చూడాలి. ఒకటి, హోటలు ఒకే భవనమా, విడివిడి భవనాలుగా పరుచుకుని ఉందా? కరీబియన్ బీచ్ లాంటి పెద్ద హోటళ్ళలో లోపలే చాలా బస్టాపులుంటాయి. బస్సు అన్ని చోట్లా ఆగుతూ వెళుతుంది, చివరి స్టాపులో ఎక్కేసరికి కుర్చీల చోట్లు నిండిపోయి ఉండొచ్చు. పాప్ సెంచురీ లాంటి చోట ముందు వైపు ఒకే బస్సు స్టాండు, దానికి తోడు స్కైలైనర్ స్టేషన్. రెండోది, ఏదైనా పార్కుకు కుర్చీని తోసుకుంటూ నేరుగా వెళ్ళగలమా? కాంటెంపరరీ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు, బీచ్ క్లబ్, యాట్ క్లబ్, బోర్డ్‌వాక్ హోటళ్ళ నుంచి ఎప్కాట్ వెనక గేటుకు చక్కటి నడక దారులున్నాయి. ఇవి ఖరీదైన హోటళ్ళే. వారమంతా అక్కడ ఉండలేకపోయినా, ఆ నాలుగు రోజుల్లో అమ్మకు బస్సు బాధ ఎంత తగ్గుతుందో లెక్కలో వేసుకుని నిర్ణయించుకోండి.

డిస్నీ బయట చవకైన హోటల్లో దిగితే "పార్కులకు ఫ్రీ షటిల్" అన్న బోర్డు చూసి నమ్మేయకండి. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: షటిల్‌లోకి వీల్‌ఛెయిర్ ఎక్కించడానికి లిఫ్టు ఉందా, రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుంది, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఎక్కడ దింపుతారు. మూడో ప్రశ్నకు జవాబు సాధారణంగా టికెట్ సెంటర్ దగ్గరే అని వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి హోటలుకు డిస్నీ నడిపిన ఉచిత బస్సు 2022 మొదట్లోనే ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు కట్టి వెళ్ళాలి, లిఫ్టు ఉన్న బండి కావాలంటే ముందే చెప్పాలి. మడిచి డిక్కీలో పెట్టగలిగే కుర్చీ అయితే మామూలు టాక్సీ చాలు.

"అందరూ మన కోసం ఆగుతున్నారు"

ఏర్పాట్లన్నీ కుదిరాక కూడా అమ్మ ఒప్పుకోకపోవచ్చు. "నలుగురిలో కుర్చీలో కూర్చుంటే కాళ్ళు లేనిదాన్ని అనుకుంటారు" అంటుంది. తమాషా ఏమిటంటే, మన అమ్మలు చాలామంది అమెరికా గడ్డ మీద కాలు పెట్టిందే వీల్‌ఛెయిర్‌లో. దోహాలోనో, దుబాయ్‌లోనో విమానం మారాలి, భాష రాదు, గేటు దొరకదు అని మనమే టికెట్‌తో పాటు వీల్‌ఛెయిర్ బుక్ చేస్తాం. అక్కడ నడవగలిగినా కూర్చున్న అమ్మ, ఇక్కడ నడవలేకపోయినా కూర్చోనంటుంది. ఆ మాట నవ్వుతూ గుర్తుచేసి చూడండి. ఒకసారి ఊళ్ళో మాల్‌కో, కాస్ట్‌కోకో కుర్చీలో తీసుకెళ్ళి అలవాటు చేయండి. ఓర్లాండోలో బస్సు ముందు వాదించడం కంటే అది తేలిక.

అసలు బెరుకు బస్సు దగ్గరే వస్తుంది. యాభైమంది ఎండలో నిలబడి ఉంటారు, డ్రైవరు అందరినీ ఆపి మనల్ని ముందు ఎక్కిస్తాడు, బెల్టులు బిగించడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. "పాపం, అందరూ మన కోసం ఆగుతున్నారు, నేను రాకపోయినా పోయేది" అని అమ్మ ముడుచుకుపోతుంది. ఆ పూట అమ్మకు చెప్పదగిన కథ ఒకటుంది.

1978 జులైలో కొలరాడో రాష్ట్రం డెన్వర్ నగరంలో 19 మంది వికలాంగులు సిటీ బస్సులకు అడ్డంగా రోడ్డు మీద బైఠాయించారు. అప్పటి బస్సులకు మెట్లే తప్ప లిఫ్టులుండేవి కావు, కుర్చీలో ఉన్నవాళ్ళు ఎక్కే మార్గమే లేదు. రాత్రంతా వాళ్ళు అక్కడి నుంచి కదలలేదు. అక్కడి నుంచి పుట్టిన ఉద్యమం ఊరూరికీ పాకింది. 1990 మార్చిలో కొందరు కుర్చీలు వదిలేసి వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మెట్లను చేతులతో పాక్కుంటూ ఎక్కారు. అదే ఏడాది జులై 26న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం చేశారు. ప్రభుత్వ బస్సులే కాదు, జనాన్ని తిప్పే ప్రైవేటు బస్సులు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. కాబట్టి ఆ ర్యాంప్ ఎవరో జాలిపడి వేసేది కాదు. అమ్మలాంటివాళ్ళు బస్సెక్కాలని కొందరు రోడ్డు మీద కూర్చుని సాధించుకున్నది. విజిటర్ వీసా మీద నాలుగు నెలలకు వచ్చిన అమ్మకు కూడా అది వర్తిస్తుంది.

తోసేది ఎవరు?

మన ఇళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, జవాబు మాత్రం ఒకటే ఉంటుంది. పిల్లల బ్యాగు, నీళ్ళ సీసాలు, ఫోనులో లైన్ల లెక్కలు అన్నీ చూసుకునే మనిషే కుర్చీ కూడా తోస్తుంది. ఎప్కాట్‌లో చెరువు చుట్టూ దేశాల మంటపాలన్నీ చూస్తూ ఒక్క చుట్టు తిరిగితేనే మైలుకు పైన. దాంట్లో ఎత్తుపల్లాలు కూడా ఉన్నాయి. జూన్ ఎండలో అది ఒక్కరు చేసే పని కాదు. ఇంట్లోనే వంతులు వేసుకోండి: పొద్దున ఆయన, మధ్యాహ్నం మీరు, పెద్ద పిల్లలుంటే చదునైన చోట వాళ్ళు. బస్సు దగ్గర అమ్మతో ఉండే మనిషి మాత్రం ప్రతిసారీ ఒకరే అయితే మేలు. రెండోసారికే పని తెలిసిపోతుంది. ఎవరో ఒకరు వచ్చి ఎత్తి కూర్చోబెడతారని అనుకోవద్దు. దారి చూపిస్తారు, ర్యాంప్ వేస్తారు, బెల్టు కడతారు, కానీ మనిషిని ఎత్తడం, తోయడం డిస్నీ స్టాఫ్ చేయరు.

తోసేవాళ్ళకు కొన్ని మెలకువలు:

- నిటారు వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు ముందుండి మెల్లగా దించండి. అమ్మ ముందుకు జారదు.
- ఆగిన ప్రతిచోటా రెండు బ్రేకులూ వేయండి, బస్సులోనూ పడవలోనూ తప్పనిసరిగా.
- చీర కుచ్చిళ్ళు, పైట కొంగు, చున్నీ చక్రాల్లో పడకుండా ఒడిలోకి దోపండి. ఆ వారానికి పంజాబీ డ్రెస్సుకు అమ్మ ఒప్పుకుంటే ఇంకా మంచిది.
- ర్యాంప్ ఎక్కే ముందు పాదాలు ఫుట్‌రెస్టుల మీదే ఉన్నాయో లేదో చూడండి.
- బరువైన సంచులు వెనక పిడులకు తగిలించకండి. అమ్మ లేవగానే కుర్చీ వెనక్కి పడిపోతుంది.
- గాజు సీసాలు కాకుండా బయటి తిండి పార్కులోకి తెచ్చుకోవచ్చు. పులిహోర, పెరుగన్నం డబ్బా సంచిలో ఉంటే షుగరు మందు వేసుకునే అమ్మకు వేళకు భోజనం, మనకు నిశ్చింత.
- పార్కుల్లో "కంపానియన్" అని రాసి ఉన్న విశాలమైన బాత్రూములుంటాయి. సాయానికి మీరూ లోపలికి వెళ్ళొచ్చు. పొద్దున్నే మ్యాపులో చూసి పెట్టుకోండి.

ఒక అపోహ కూడా తీర్చుకోవాలి. "వీల్‌ఛెయిర్ ఉంటే లైన్లో నిలబడక్కర్లేదట" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. డీఏఎస్ అనే ప్రత్యేక సదుపాయాన్ని 2024 నుంచి ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్ళకే ఇస్తున్నారు, మోకాళ్ళ నొప్పికి రాదు. చాలా రైడ్ల లైన్లు కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంటాయి కాబట్టి మామూలు లైన్లోనే వెళ్ళాలి. కొన్నిట్లో కుర్చీ దిగి సీటులోకి మారాలి. మారనక్కర్లేనివి కూడా ఉన్నాయి. యానిమల్ కింగ్‌డమ్ సఫారీ బండిలోకి, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో "స్మాల్ వరల్డ్" పడవలోకి వీల్‌ఛెయిర్‌తో సహా ఎక్కించే ఏర్పాటుంది. అమ్మకు ఆ రెండూ తప్పకుండా చూపించండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ముందు డిస్నీ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి.

పడమటి తీరంలో ఉన్నవాళ్ళకు కాలిఫోర్నియా డిస్నీలాండ్ దగ్గర. 1955లో మొదలైన ఆ చోటు చాలా చిన్నది. రెండు పార్కుల గేట్లు ఎదురెదురుగా ఉంటాయి, కుర్చీని తోసుకుంటూ వెళ్ళగల దూరంలో బోలెడు హోటళ్ళున్నాయి. బస్సుల బాధ వద్దనుకునే ఇంటికి, అమ్మతో మొదటి థీమ్ పార్కు అదే అయితే తేలిక.

ఓర్లాండోకే వెళితే మాత్రం నాలుగు రోజుల ప్లానులో ఒక పూట టికెట్ లేకుండా ఉంచుకోండి. పిల్లల్ని ఆయనతో పూల్‌కు పంపించి, మీరూ అమ్మా ఇద్దరే బయలుదేరండి. బస్సులో డిస్నీ స్ప్రింగ్స్‌కు వెళ్ళి ఐస్‌క్రీమ్ తినొచ్చు. చెరువు చుట్టూ ఉన్న హోటళ్ళను కలిపే మోనోరైలులో ఒక చుట్టు తిరగొచ్చు. కాంటెంపరరీ హోటలు భవనం మధ్యలోంచే రైలు దూసుకుపోతుంటే అమ్మ ముఖం చూడాలి. స్కైలైనర్‌లో సాయంత్రం ఎండ తగ్గాక అటూ ఇటూ వెళ్ళి రావచ్చు. వీటికి పైసా ఖర్చు లేదు, తొందర లేదు. పిల్లల అన్నాలు, మనవల హోంవర్కులు, మన ఆఫీసు మీటింగుల మధ్య అమ్మతో ఒక గంట తీరిగ్గా కూర్చోవడం మనకు ఇంట్లో కూడా దొరకదు కదా.